కండెల వీధిలో మోగిన ఏకైక ఫోను

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సమస్త సెల్‌ఫోన్ వినియోగదారులకు గమనిక. వచ్చే మంగళవారం ఉదయం పదకొండున్నర గంటలకు మీ ఫోను గట్టిగా అరుస్తుంది. ఎవరూ భయపడరాదు. అది పరీక్ష మాత్రమే. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు కూడా ఫోను అచ్చం ఇలాగే అరుస్తుంది. అప్పుడు భయపడవలెను.

ఈ గమనికను జారీ చేసింది మూడు పట్టణాల అత్యవసర హెచ్చరికల సమన్వయ కార్యాలయం. ఆ కార్యాలయం తమ ఊళ్లోనే ఉండాలని హిందూపురం వాళ్లు, కాదు తమ ఊళ్లోనే ఉండాలని ధర్మవరం వాళ్లు గట్టిగా పట్టుబట్టడంతో, ఏమీ అడగకుండా మధ్యలో కూర్చున్న పెనుకొండకు అది దక్కింది. గమనికను వాట్సాప్‌లో పంపారు. వాట్సాప్ లేనివాళ్లను మరిచిపోయారన్న మాట పడకూడదని, ‘వాట్సాప్ లేనివారికి ముఖ్య గమనిక’ పేరుతో ఇంకొకటి తయారు చేసి, దాన్ని కూడా శ్రద్ధగా వాట్సాప్‌లోనే పంపారు.

మంగళవారం రానే వచ్చింది. పెనుకొండలో షామియానా వేశారు. సమన్వయాధికారి ఉమాశంకర్ గారు వేదిక ఎక్కి, తన ఫోనును దీపంలాగా పైకెత్తి పట్టుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఈ వ్యవస్థకు పేద, గొప్ప తేడా లేదు. మరి కొద్ది క్షణాల్లో నా చేతిలో ఉన్న ఈ ఫోను ఎలా మోగుతుందో మీరంతా కళ్లారా వినండి!”

పదకొండున్నర అయింది. ఆయన డ్రైవరు ఫోను మోగింది. టీలు తెచ్చినాయన ఫోను మోగింది. మైకు సెట్టు వాళ్ల ఫోను మైకు పక్కనే ఉండటంతో ఊరంతటి కోసం మోగింది. ఉమాశంకర్ గారి ఫోను మాత్రం మోగలేదు. ఆయన ఒక చెయ్యి నొప్పి పుడితే ఇంకో చేతికి మార్చుకుని రెండు నిమిషాలు పట్టుకున్నారు. ఆ తర్వాత, “ఆపద సమయంలో అధికారి ఎంత నిబ్బరంగా ఉండాలో నా ఫోను మీకు చూపించింది” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

అదే సమయానికి హిందూపురం మార్కెట్లో చింతపండు వేలం జరుగుతోంది. ఫోన్లన్నీ ఒక్కసారి అరవడంతో వేలం పాడే మనిషి దాన్ని పై పాట కిందే లెక్కగట్టి ముందుకు పోయాడు. అగళి వైపు కొన్ని ఫోన్లు అవతలి రాష్ట్రం టవరును పట్టుకుని ఉన్నాయి కనుక వాటికి మన హెచ్చరిక రాలేదు. రెండు రోజుల తర్వాత అటువైపు నుంచి కన్నడంలో ఇంకేదో వచ్చింది. వాళ్లు చదువుకున్నారు, అర్థం చేసుకున్నారు, పనికి పోయారు. వచ్చిన హెచ్చరికను చదివి అర్థం చేసుకున్న జనం ఈ ప్రాంతం మొత్తానికి వాళ్లే. అందువల్ల దీన్ని తీవ్రమైన లోపంగా పరిగణించారు.

ధర్మవరంలో కండెల వీధి అని ఒకటుంది. వాననీళ్లు పారే వంకకు దగ్గరగా, పల్లంలో ఉంటుంది. ఇరవై ఆరు ఇళ్లు, ప్రతి ఇంట్లో ఒక గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించుకుని కూర్చుని పట్టుచీరలు నేస్తారు. ఆ మంగళవారం వీధిలో ఇరవై ఐదు ఇళ్ల నుంచి ఫోన్లు అరిచాయి. ఒక ఇంటి నుంచి అరవలేదు. అది ఆదెమ్మది.

ఆదెమ్మకు యాభై దాటాయి. ఆమె ఫోనుకు బొత్తాలుంటాయి. అంకెలు అరిగిపోయినా వేలికి గుర్తే. చుట్టూ అన్ని ఫోన్లు అరిచి తనది అరవకపోయేసరికి ఆమె గుండె జారింది. ప్రమాదానికి కాదు. జాబితాకు.

“మళ్లా మన పేరు తీసేసినారు” అంది మొగుడితో.

మగ్గం గుంతలో నుంచే ఓబులేసు తలెత్తాడు. “దేంట్లోనుంచి?”

“ఏమో. అందరికీ వచ్చింది, మనకు రాలేదు. అంటే తీసేసినట్టే గదా.”

ఇది తెలివితక్కువ మాట అని ఎవరైనా అనుకుంటే వాళ్లకు అనుభవం తక్కువని అర్థం. నేతన్నల సాయం జాబితాలో ఆదెమ్మ పేరు ఒకసారి పోయింది, కారణం చెప్పలేదు. ఇంటి స్థలం జాబితాలో ఇంకోసారి పోయింది, కారణం చెప్పారు. అది అర్థం కాలేదు. ఆకాశం నుంచి వచ్చేదేదైనా ముందు ఒక జాబితాలో ఎక్కి, అక్కణ్ణుంచి దిగుతుందని ఈ దేశంలో ఆదెమ్మకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

హెచ్చరిక అందనివాళ్లు ఫిర్యాదు చేసుకోవచ్చని కార్యాలయం చెప్పింది. ఫిర్యాదు పత్రంలో పదిహేడు ప్రశ్నలున్నాయి. మూడోది: ‘మీకు హెచ్చరిక రాలేదన్న సంగతి మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది?’ పదకొండోది: ‘హెచ్చరిక రాని సమయంలో తీసిన స్క్రీన్‌షాట్ జత చేయవలెను.’ ఆదెమ్మ ఈ ప్రశ్నలన్నీ పక్కింటి యల్లక్క చేత చదివించుకుని, ఇవి తనవల్ల అయ్యే పని కాదని తేల్చుకుని, పాసింజరు రైలెక్కి పెనుకొండకు పోయింది. ఫిర్యాదుల కిటికీ దగ్గర తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

“ఇదిగో సార్. రాలేదు. చూడండి కావాలంటే.”

కిటికీ లోపలి ఉద్యోగి ఫోనును అటూ ఇటూ తిప్పి, అందులో రానిది ఏదీ కనిపించడం లేదు కనుక ఫిర్యాదుకు ఆధారం లేదన్నాడు.

అదృష్టమో దురదృష్టమో, వరండాలో హరీష్ ఉన్నాడు. హిందూపురం బస్టాండు దగ్గర పదేళ్లు ఫోన్లు రిపేరు చేసి, ఈ మధ్యనే కాంట్రాక్టు మీద సాంకేతిక సహాయకుడిగా చేరినవాడు. ఫోన్ల గురించి ఆ కార్యాలయంలో తెలిసినవాడు అతనొక్కడే. అందుకే అతన్ని ఏ సమావేశానికీ పిలిచేవాళ్లు కాదు.

“అక్కా, ఇట్లియ్యి” అని ఫోను చూశాడు. “నీ పేరు ఎవురూ తీసేయలేదు. దీనికి పేర్లూ లేవు, నంబర్లూ లేవు. టవరు కేకేస్తాది. ఆ టవరు కింద ఏ ఫోనుంటే దానికి వినపడాల. కానీ నీది పాతకాలం ఫోను. ఆ కేక దీని చెవికి అందదు.”

“అయితే నా ఒక్కదానికేనా?”

“లేదక్కా. కొత్త ఫోన్లలోనూ కొన్నిటికి రాదు. కొందరు సెట్టింగుల్లో ఆపేసుకుంటారు. కొందరి ఫోన్లో సాఫ్ట్‌వేరు పాతది. ఆ టయానికి ఫోను ఆపేసి ఉన్నా, ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నా, సిగ్నలు లేకపోయినా రాదు. ఇంతే. దీంట్లో పెద్ద ఇచిత్రం లేదు.”

“ఇంతేనా? మరి ఈ మాట ఆ లోపలి సార్లకు చెప్పప్పా.”

“రాసిచ్చినా అక్కా. ఒక్క పేజీనే ఉండాదని ఎనక్కి పంపించినారు.”

ఆదెమ్మ ఫోను తీసుకుని కొంగులో ముడేసుకుంది. “ఇప్పుడు నేనేం చేయాల?”

“పక్కింట్లో మంచి ఫోనుంటే వాళ్లకు చెప్పి పెట్టుకో. వాళ్లకొస్తే నిన్ను పిలుస్తారు. మీది పల్లం గదా, వాన పడేటప్పుడు వంక మీద ఒక కన్నేసి ఉంచు.”

పేరు పోలేదన్న మాటతో ఆదెమ్మ సగం తేలికపడి ఇంటికొచ్చింది. యల్లక్కతో ఒప్పందం చేసుకుంది. యల్లక్క పెద్ద ఫోను ముందు చీరలు పరిచి, వీడియోలో చూపించి అమ్ముతుంది. “నీకు చెప్పకుండా ఎట్లుంటా వదినా, మొదట నీకే చెప్తా” అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. ఒప్పందాలన్నీ మనస్ఫూర్తిగానే జరుగుతాయి.

పెనుకొండలో మాత్రం విషయం అంత తేలిగ్గా వదల్లేదు. కొన్ని ఫోన్లకు హెచ్చరిక ఎందుకు అందలేదో తేల్చడానికి విచారణ సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షులు ఉమాశంకర్ గారే. హెచ్చరిక అందకపోవడంలో స్వానుభవం ఉన్న అధికారి ఆయనొక్కరే కనుక ఎవరూ ఆక్షేపించలేదు. సంఘం ఆరు వారాల్లో తొమ్మిదిసార్లు సమావేశమైంది. సమావేశాలకు అంతరాయం కలగకుండా ప్రతిసారీ ఫోన్లన్నీ ఆఫ్ చేయించారు.

మధ్యలో ఒకరోజు ఉమాశంకర్ గారు హరీష్‌ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, తన ఫోను చేతికిచ్చారు. హరీష్ సెట్టింగుల్లోకి పోయి చూశాడు. “సార్, హెచ్చరికలు ఆపేసి ఉన్నాయి.”

“ఎవరు ఆపేశారు?”

“ఈ ఫోను ఇంకెవురైనా వాడతారా సార్?”

ఉమాశంకర్ గారు లేచి ఫ్యాను వేగం పెంచారు. పోయిన ఏడాది ఇలాంటి పరీక్షే జరిగినప్పుడు, ‘అప్రమత్తతే ఆయుధం’ అన్న అంశం మీద ఆయన ప్రసంగిస్తుండగా ఫోను అరిచి ప్రసంగం పాడు చేసిందట. అప్పుడు తనే, తన వేలితోనే ఆపేశారు. సంఘం నివేదికలో ఇది ‘గుర్తు తెలియని సాంకేతిక జోక్యం’ అన్న శీర్షిక కింద నాలుగు పేజీల్లో ఉంది. మొత్తం నివేదిక నూట పన్నెండు పేజీలు. మరింత లోతైన విచారణ అవసరమని చివరి పేజీలో తేలింది.

అక్టోబరు వచ్చింది. ఒక గురువారం పొద్దున్నుంచి పుట్టపర్తి వైపు కుండపోత. ధర్మవరంలో చినుకులే. పై నుంచి వంకలన్నీ దిగి వస్తున్నాయని లెక్కగట్టి, ఆ మధ్యాహ్నం రెండింటికి ధర్మవరం పల్లపు వీధులకు హెచ్చరిక పంపారు. ఈసారి పరీక్ష కాదు. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది: హెచ్చరిక సరైన సమయానికి, సరైన చోటికి, సరైన తెలుగులో వచ్చింది. యంత్రాలు తమ పని తాము చేశాయి. మనుషుల వంతు వచ్చింది.

యల్లక్క అప్పుడు వీడియోలో ఉంది. చిలకపచ్చ రంగుకు మామిడిపండు రంగు అంచు చీర పరిచి, బెంగళూరులో ఎవరికో చూపిస్తోంది. ఫోను ఒక్కసారిగా కూత పెట్టి, తెర మీద పెద్ద పెట్టె వచ్చి, చీర అంచు సరిగ్గా కొంగు దగ్గర కప్పేసింది. “ఏం లేదు మేడం, గవర్నమెంటోళ్లది, అప్పుడప్పుడు అరుస్తా ఉంటాది” అని వేలితో పక్కకు తోసింది. పావుగంటకు మళ్లీ వచ్చింది. మళ్లీ తోసింది. మూడోసారి వచ్చేసరికి కొంగు గురించి బేరం తెగే దశలో ఉంది. మూడోసారి తోయడమే కాదు, కసిరింది కూడా.

వీధిలో మిగతావాళ్లు ఇంతకంటే బాధ్యతగా ప్రవర్తించారు. ఒకాయన హెచ్చరికను ఫోటో తీసి నాలుగు గ్రూపుల్లో పెట్టి, ‘ఇది నిజమేనా?’ అని అడిగాడు. ఆ నాలుగు గ్రూపుల్లో ఉన్నది ఈ వీధివాళ్లే కనుక, నిజమేనా అని అందరూ అందరినీ అడిగారు. ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు శుభ మధ్యాహ్నం అన్నారు.

ఆదెమ్మ ఇంట్లో ఓబులేసు నేస్తున్నాడు. రెండున్నర ప్రాంతంలో ఆడుతున్న చెయ్యి ఆపాడు.

“ఏమే, గుంతలో తడి తగుల్తాండాది కాలికి.”

“చెంబు ఒలికింటాది చూడు.”

“చెంబు కాదు. కింద నుంచి ఊరుతాండాది.”

ఆదెమ్మ వీధి చివరికి పరుగెత్తింది. వంక ఎర్రగా, చప్పుడు లేకుండా లావెక్కుతోంది. మురుగు కాలువలో నీళ్లు వంక వైపు పోవడం మానేసి, వంక నుంచి వీధి వైపు నడుస్తున్నాయి. ఒక చెప్పు, ఒక కొబ్బరి చిప్ప ఎదురు వచ్చాయి. ఆమె అట్నుంచటే తిరిగింది.

“కొయ్” అంది ఇంట్లోకి వస్తూనే.

మగ్గం మీద పెళ్లి చీర ఉంది. గుంటూరు వాళ్లది. మూడు వంతులు అయింది, కొంగు మిగిలింది. ఓబులేసు బ్లేడు చేతిలోకి తీసుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. “పద్దెనిమిది రోజుల పనే ఇది. ఒక గంట చూద్దామా?”

“నువ్వు చూస్తావు. నీళ్లు చూస్తాయా? కొయ్ అంటాంటే!”

ఓబులేసు కోశాడు. పడుగు పోగులు ఒక్కొక్క గుత్తిగా తెగుతుంటే, ఆ చిన్న చప్పుడు వినలేక ఆదెమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఇద్దరూ కలిసి నేసినంత బట్ట, మిగిలిన పడుగు, జరీ, పట్టు కండెలు అన్నీ అటక మీదికి చేర్చారు. తర్వాత ఆమె ఇత్తడి తట్ట, గరిటె తీసుకుని వీధిలోకి దిగింది.

“వంక తిరుక్కున్నాది! మగ్గాల మీద సరుకు ఎత్తుకోండి! పిల్లోళ్లను మిద్దెక్కించండి!”

తలుపులు తెరుచుకున్నాయి. జనం ఆదెమ్మను చూశారు, చేతిలో ఫోన్లను చూశారు. “నిజమా కాదా అని గ్రూపులో అడిగినామక్కా, ఇంగా ఎవురూ చెప్పలేదు” అన్నాడు ఒకాయన. “నీకు ఫోనులో వచ్చిందా?” అంది ఇంకొకామె. ఆదెమ్మ ఫోనుకు రాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. “మరి నీకెట్ల తెలుసు?” అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు అప్పటికి వాళ్ల చీలమండల దాకా వచ్చింది.

ఆ తర్వాత అన్నీ ఒకేసారి జరిగాయి. యల్లక్క ఇంట్లో వెనక గదిలో ఆమె అత్త నాగక్క మంచం పట్టి రెండేళ్లు. యల్లక్క పరిచిన చీరలు ఎత్తుకుంటూ మిద్దె మెట్లకూ ఇంటికీ మధ్య తిరుగుతోంది. ఏడుస్తోంది. ఏది ముందో తెలియడం లేదు. ఆదెమ్మ, ఓబులేసు మోకాటి లోతు నీళ్లలో లోపలికి పోయి, నాగక్కను మంచంతో సహా ఎత్తారు.

“యాడికే మోసుకపోతాండారు నన్ను? ఇంగా సావలేదు నేను!” అని నాగక్క అరిచింది.

“సావకూడదనే అత్తా, కదలాకు” అంది ఆదెమ్మ.

మెట్ల మలుపులో మంచం ఇరుక్కుంది. ఓబులేసు కాలు జారి మోకాలు చీరుకుంది. అయినా వదల్లేదు. మిద్దె మీదికి చేర్చేసరికి కింద గదిలో మంచం ఉన్న చోట నీళ్లు నడుం దాకా వచ్చాయి. యల్లక్క అత్త కాళ్లు పట్టుకుని, ఆదెమ్మ చెయ్యి పట్టుకుని, ఎవరి వైపు చూసి ఏడవాలో తెలియక వంక వైపు చూసి ఏడ్చింది.

మనుషులెవరూ పోలేదు. ఇరవై ఐదు మగ్గాల మీది బట్ట మునిగింది. పట్టు, జరీ బురదైపోయాయి.

నీళ్లు తీసిన నాలుగో రోజు ఉమాశంకర్ గారు సంఘంతో సహా వీధిలోకి వచ్చారు. కొత్తగా వచ్చిన ఒక నిబంధన చదివి వినిపించారు: హెచ్చరిక అందినప్పటికీ సామగ్రి కాపాడుకోని వారిది నిర్లక్ష్యం కనుక వారు నష్టపరిహారానికి అనర్హులు. హెచ్చరిక అందనివారు మాత్రమే అర్హులు.

“ఇప్పుడు చెప్పండి. ఎవరెవరికి హెచ్చరిక అందింది?”

మొదటి గొంతు యల్లక్కది.

“రాలేదు సార్. మా అత్త మీద ఒట్టు.”

మిద్దె మీద నుంచి నాగక్క గొంతు వినిపించింది. “నా మీద ఒట్లెందుకే! మూడుసార్లు కూసింది నీ ఫోను. నేను ఇన్లేదా?”

సంఘం దీన్ని పరిశీలించింది. నాగక్క పేరు మీద ఏ ఫోనూ లేదు. ఫోను లేని వ్యక్తి హెచ్చరికను వినడం సాంకేతికంగా అసాధ్యం కనుక ఆమె వాంగ్మూలాన్ని నమోదు చేయలేదు. ఆ తర్వాత ఇరవై నాలుగు ఇళ్లవాళ్లూ వరుసగా రాలేదన్నారు. నిజమేనా అని గ్రూపులో అడిగినాయన, అసలు తనకు ఫోనే వాడటం రాదన్నాడు. చెబుతుండగా ఆయన జేబులో ఫోను మోగింది. అందరూ మర్యాదగా వేరే వైపు చూశారు.

ఇరవై ఆరో ఇల్లు మిగిలింది.

“నష్టం ఎంత?” అని అడిగారు ఉమాశంకర్ గారు.

“సరుకంతా ఎత్తి పెట్టుకున్నాం సార్. చీర ఒకటి కోసేసినాం. అది పోయినట్టే” అంది ఆదెమ్మ.

“దేనితో కోశారు?”

“బ్లేడుతో.”

“అయితే అది వరద నష్టం కాదమ్మా, బ్లేడు నష్టం. పోనీ. సరుకు ముందే ఎత్తి పెట్టారంటే మీకు హెచ్చరిక అందిందన్నమాట.”

“లేదు సార్. నా ఫోనుకు రాదు. మీ ఆఫీసులోనే చెప్పినారు.”

“అందకుండా ఎలా ఎత్తి పెట్టారు?”

“గుంతలో తడి తగిలింది. పోయి వంకను చూసినా.”

ఉమాశంకర్ గారు సంఘ సభ్యుల వైపు చూశారు. సభ్యులు నివేదిక నమూనా వైపు చూశారు. అందులో ‘అందినది’, ‘అందనిది’ అని రెండే గళ్లున్నాయి. ‘చూసినది’ అన్న గడి లేదు. వెనక నిలబడ్డ హరీష్ గొంతు సవరించుకుని, “సార్, ఆ ఫోనుకు రావడానికి వీల్లేదు సార్, అది పాత...” అన్నాడు. సభలో క్రమశిక్షణ పాటించాలని అతనికి చెప్పి, మరుసటి సోమవారం నుంచి గుడిబండలో సిగ్నలు స్తంభాలు లెక్కపెట్టే పని మీద పంపారు.

ఆ విధంగా కండెల వీధిలో ఇరవై ఐదు స్మార్ట్‌ఫోన్లకు హెచ్చరిక అందలేదనీ, ఆదెమ్మ బొత్తాల ఫోనుకు మాత్రమే అందిందనీ అధికారికంగా తేలింది. ఇరవై ఐదు ఇళ్లకు సాయం మంజూరైంది. ఆదెమ్మకు శాలువా కప్పారు. ఇంత అద్భుతమైన ఫోనును శాస్త్రీయంగా అధ్యయనం చేయాలని, దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, లక్క ముద్ర వేసి, పెనుకొండకు తీసుకుపోయి బీరువాలో భద్రపరిచారు.

“మా చెల్లెలు ఫోన్ చేస్తే ఎట్ల సార్?” అంది ఆదెమ్మ.

“అధ్యయనం పూర్తవగానే ఇస్తాం” అన్నారు. అధ్యయనం ఇంకా మొదలు కాలేదు.

ఆ రోజు సాయంత్రం యల్లక్క ఒక గిన్నెలో ఉగ్గాని తెచ్చి గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. “నేను నిజం చెప్పింటే వీధంతా పోతాండె వదినా” అంది. ఆదెమ్మ గిన్నె తీసుకుంది. “మంచం మోసేటప్పుడు నీ మొగం చూసినాలే, ఇంగేం చెప్పొద్దు” అంది. కోపం లేదని కాదు. కానీ యల్లక్క మగ్గం గుంతలో ఇంకా బురదుంది, ఆ ఇంట్లో మంచం మీద ముసలామె ఉంది. కోపానికి ఖాళీ దొరకలేదు.

నవంబరు రెండో వారంలో ఒక ఆదివారం పొద్దున మళ్లీ మబ్బు పట్టింది. పైన వాన పడుతోందని బస్సుల్లో వచ్చినవాళ్లు చెప్పారు. ఎనిమిది గంటలకల్లా ఆదెమ్మ ఇంటి ముందు వీధంతా చేరింది. సర్కారు నివేదికలో ఉన్న మాటను జనం తేలిగ్గా తీసుకోరు. తాము చెప్పిన అబద్ధమే అయినా, ముద్ర పడి తిరిగొచ్చాక దానికి విలువ పెరుగుతుంది.

“అక్కా, నీ ఫోనుకేమన్నా వచ్చిందా?”

ఆదెమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది. “వంక యాడికో పోలేదు, ఆ చివరనే ఉండాది. పోయి చూసుకోండి.”

ఎవరూ కదల్లేదు. “మేము చూస్తే మాకేం తెలుస్తాది? నీ ఫోను చెప్పాల” అన్నాడు వెనక నుంచి ఒకాయన, చాలా వినయంగా.

ఆదెమ్మ చేట పక్కన పెట్టి, కొంగు బిగించి, తనే వీధి చివరికి పోయింది. వంక ఎర్రగా తిరుగుతోంది. మొన్న చెత్తంతా చిక్కుకున్న తుమ్మ చెట్టు మొదలు అప్పటికే మునిగింది. మురుగు కాలువలో నీళ్లు ఆగి, ఎటు పోదామా అని ఆలోచిస్తున్నట్టున్నాయి. ఆమె వెనక్కి వచ్చింది. నలభై మొహాలు ఆమె నోటి వైపే చూస్తున్నాయి. వంక పొంగుతోందని చెప్పడానికి నోరు తెరిచింది. అక్టోబరులో ఇదే మాట తట్ట మోగించి మరీ చెప్పింది. అప్పుడు ఈ మొహాలే ఫోన్లు చూసుకున్నాయి.

“వచ్చింది” అంది ఆదెమ్మ. “నా ఫోనుకు వచ్చింది. పెనుకొండ నుంచే. గంటలో నీళ్లొస్తాయంట.”

ఒక్క ప్రశ్న రాలేదు. వీధి మొత్తం క్షణంలో చెదిరి ఇళ్లలోకి పరుగెత్తింది. పట్టు అటకల మీదికి ఎక్కింది, పిల్లలు మిద్దెల మీదికి ఎక్కారు, నాగక్కను ఈసారి నలుగురు మోశారు. ఫోను యాడుంది, చూపించు అని అడిగినవాడు లేడు.

ఇంట్లో ఓబులేసు పడుగు విప్పుతూ నెమ్మదిగా అన్నాడు. “నీ ఫోను పెనుకొండ బీరువాలో గదా ఉండాది?”

“ఫోను ఆడ ఉండాది. నీళ్లు ఈడ ఉండాయి. ఆ కొస పట్టుకో.”

ఆ రోజు కండెల వీధిలో ఒక్క పోగు తడవలేదు. సమన్వయ కార్యాలయం ఆదివారం సెలవు కావడంతో పెనుకొండ నుంచి ఆ రోజు ఏ ఫోనుకూ ఏ హెచ్చరికా వెళ్లలేదు. అయినా ప్రాణ నష్టం, ఆస్తి నష్టం లేకపోవడాన్ని బట్టి, హెచ్చరిక నూటికి నూరు శాతం అందినట్లు సోమవారం నివేదిక తయారైంది. సంతకాల కోసం కాగితం వీధిలోకి వచ్చింది. అందినట్లు అందరూ సంతకం పెట్టారు.